పేరెత్తకూడని పురుగు

దానికి శివుడి పేరు ఉందని నాకు అరవై దాటాక తెలిసింది.

మనవరాలు కాలేజీ పుస్తకం ముందేసుకుని చదువుకుంటోంది. పక్కన కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నదాన్ని ఊరికే పేజీ వైపు చూసి, చేట జారవిడిచాను. అందులో ఒక చిమ్మట బొమ్మ. తుమ్మ బెరడు రంగు రెక్కలు, వాటిని పూరింటి కప్పులా రెండు పక్కలకీ దించుకుని కూచున్న తీరు. పక్కన ఇంకో బొమ్మలో వేలెడు పొడుగు పురుగు, ఒంటినిండా నూగు. ఎడారి మొక్కల మీద, మన వైపయితే తుమ్మ మీదా రేగు మీదా ఈ పురుగు బతుకుతుందని, రెక్కలొచ్చాక అదే ఆ చిమ్మట అవుతుందని మనవరాలు చదివి చెప్పింది. కింద ఇంగ్లీషులో రెండు మాటల పేరు. రెండో మాట శివ. ఏ దేశపు దొరకు ఏం తోచి పెట్టాడో తెలియదు.

మా అవ్వ బతికుంటే ఆ దొరను కడిగిపారేసేది. దేవుడి పేరు పెట్టినందుకు కాదు. అసలు దానికి పేరంటూ పెట్టి, నలుగురూ పలికేట్టు పుస్తకంలో అచ్చేసినందుకు.

నాకు మాత్రం కోపం రాలేదు, భయం వేసింది. ఎడమ మణికట్టు లోపలివైపు దురద మొదలైంది. అంత వయసు మీదపడ్డ మనిషిని, ఒక బొమ్మకు భయపడి లేచి వంటింట్లోకి పోయాను. మనవరాలు నవ్వింది. నవ్వితే నవ్వనీ, దానికేం తెలుసు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్తలో మాట. ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. నాయన గుంటమగ్గం మీద నేసేవాడు. అమ్మ రాట్నం దగ్గర కూచుని కండెలు చుట్టేది. నాయనను కన్న మా అవ్వ మా అందరి మీదా పెత్తనం చేసేది. నాకు తొమ్మిదేళ్లు. అక్కను ఆదోనిలో ఇచ్చాం. వాళ్లూ మా వాళ్లే కానీ మగ్గం వదిలేసి చిన్న బట్టలకొట్టు పెట్టుకున్నారు. ఆ యేడు అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి మగపిల్లవాణ్ని కన్నది. వాణ్ని చూసుకుని నాయన మగ్గం గుంటలోంచి రోజుకు పదిసార్లు లేచి వచ్చేవాడు. అంతకుముందు అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు.

మా వాళ్లలో బిడ్డకు పేరు తండ్రి ఇంట్లోనే పెట్టాలి. మూడో నెలలో తల్లినీ బిడ్డనూ అక్కడికి తీసుకుపోయి, ఉయ్యాలలో వేసి, చెవిలో పేరు చెబుతారు. ఆ ఉయ్యాల కొయ్యది కాదు. బిడ్డకు తాత, అంటే తల్లిని కన్న తండ్రి, తన చేత్తో నేసిన తెల్లటి నూలుగుడ్డను తాళ్లతో దూలానికి వేలాడగడతారు. ఆ గుడ్డ మగ్గం మీదినుంచి కోసింది కోసినట్టే పోవాలి. కోశాక తాత చేతి తడి తప్ప ఇంకో తడి దానికి అంటకూడదు. ఉతికితే అది వాడిన గుడ్డ కింద లెక్క. ఎవరు పెట్టారో గానీ ఈ ఆచారం మా ఇంటిని ముంచింది.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు దారాలకు, గంజి పెట్టాలి. అందుకు పడుగును బారుగా చాపుకోవాలి. ఎప్పుడూ వీధిలోనే చాపేవాళ్లం. ఆ యేడు రోడ్డు వేస్తామని వీధంతా మొరం తోలి, కంకర కుప్పలు పోసి, మనిషి నడవడానికి లేకుండా చేశారు. అందుకని ఊరి బయట తుమ్మతోపుకు పోయాం. ముందురోజే కొయ్యకాళ్లు పాతుకుని, తెల్లవారుతుండగా పడుగును ఈ చెట్టు నుంచి ఆ చెట్టు దాకా చాపి, నాయన ఒక పక్కా చిన్నాయన ఒక పక్కా పెద్ద కుంచె పట్టుకుని గంజి రుద్దుతూ నడిచేవాళ్లు. వాళ్లకు పదడుగుల ముందు నేను నడవాలి. పడుగు మీద రాలిన ఆకు, ముల్లు, చీమ, ఏదుంటే అది ఏరి పారెయ్యాలి. గంజి తడిలో ఏది చిక్కినా దారానికి అంటుకుపోతుంది. నాయన చూపంతా తెగిన దారాల మీద ఉంటుంది. కాబట్టి ముందు చూడాల్సినదాన్ని నేనే.

తోపులో ఆ పురుగులు ఉండేవి. కంబళిపురుగు అనేవాళ్లు. అన్ని కంబళిపురుగుల్లాంటిది కాదు, తుమ్మది పెద్దది, బెరడుకు అతుక్కుని ఉంటే చేయి పెట్టేదాకా కనపడదు. మా అవ్వ లెక్కలో, నూలు చాపిన చోట కంబళి మాట ఎత్తితే నూలుకు కోపం. కొయ్యకాళ్లు పాతినప్పటినుంచి పడుగును మగ్గానికి చుట్టేదాకా దాని పేరు ఎవరూ పలకకూడదు. పలికితే పిలిచినట్టు. పిలిస్తే వస్తుంది. ఎప్పుడైనా పడుగు మీద పురుగు కనబడిందా, అవ్వ ముందు పురుగును వదిలేసి పిల్లలను పట్టుకునేది.

"ఎవురే పలికింది? మీలో ఎవురో పలికినారు. లేకుంటే అదెందుకొస్తాది ఈడికి?"

చింతబరికె ఆమె చేతిలో సిద్ధంగా ఉండేది. పలికిన పిల్లను ఆ యేడంతా పడుగు దగ్గరికి రానిచ్చేది కాదు. దెబ్బలకన్నా అదే పెద్ద అవమానం.

ఆ పురుగంటే నాకు వేరే భయం కూడా ఉండేది. తోపులో గొర్రెలు మేపుకునే ఒక ముసలాయనకు కుడికన్ను తెల్లగా పూవేసి ఉండేది. వయసులో ఉన్నప్పుడు రేగుచెట్టు కింద పడుకుని లేచి కన్ను నులుముకున్నాడట. చేతికి అంటుకున్న ఆ పురుగు నూగు కంట్లోకి దిగింది. మళ్లీ బయటికి రాలేదు. "నూగు ముల్లు కాదు తీసేకి. లోపలికి లోపలికి పోతానే ఉంటాది," అని ఆయనే మా పిల్లలకు చెప్పాడు. ఆ కన్ను వైపు నేను ఎప్పుడూ నిలబడేదాన్ని కాదు.

ఇంత భయం ఉన్నదాన్ని బుద్ధిగా ఉండాలి కదా. ఉండలేదు. అక్క బిడ్డ ఉయ్యాలగుడ్డకు పడుగు చాపే ముందురోజు, కొయ్యకాళ్లు పాతుతుంటే పక్కింటి పిల్ల నాతో పందెం వేసింది. "నీకు దాని పేరు పలికే దమ్ము లేదు మే," అంది. దమ్ము లేదంటే నాకు అప్పుడూ పడేది కాదు, ఇప్పుడూ పడదు. పెద్దవాళ్లు దూరంగా ఉన్నారని చూసుకుని, తుమ్మచెట్టు మొదట్లో నిలబడి, కంబళిపురుగూ కంబళిపురుగూ కంబళిపురుగూ అని మూడుసార్లు అరిచాను. ఏమీ రాలేదు. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికి పరుగెత్తాం.

మరుసటిరోజు పొద్దున మొదటి కొయ్యకాలు దాటి నాలుగడుగులు వేశానో లేదో, పైనుంచి ఏదో టప్పుమని పడుగు మీద పడింది. ఎండుకాయ అనుకుని చేయి చాచాను. అది కదిలింది. బూడిదరంగు ఒళ్లు, రెండు పక్కలా నూగు, నా చూపుడువేలంత ఉంది. నడుము పైకెత్తి తెల్లటి దారాల మీద నిదానంగా ఒక జానెడు పాకి ఆగింది.

నేను పిలిచాను కాబట్టి వచ్చింది. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. పుల్లతో తీసి పారేద్దామంటే చేయి రాలేదు. నాయనా అని కేకేద్దామంటే అవ్వ వస్తుంది, ఎవురు పలికినారంటుంది, పక్కింటి పిల్ల నా వైపు వేలు చూపిస్తుంది. అక్క బిడ్డ గుడ్డ మీదికి పురుగును పిలిచినదాన్ని నేనేనని ఊరంతా తెలుస్తుంది. వెనక కుంచె చప్పుడు సర్రు సర్రుమని దగ్గరికి వస్తోంది.

"ఏంటికి నిలబడినావు మే? నడువు. గంజి ఆరిపోతాది," అన్నాడు నాయన.

నేను నడిచాను. కుంచె దాని మీదుగా పోయింది. తిరిగి చూస్తే పురుగు లేదు. తడి దారాల మధ్య సన్నగా పసుపుపచ్చ మరక ఒకటి, దాన్ని కూడా తర్వాతి గంజి కప్పేసింది. ఎవరూ చూడలేదు. సాయంత్రానికి పడుగు చుట్టి, చుట్టను చిన్నాయన భుజాన వేసుకుని ఇల్లు చేరాడు. అన్నం సయించక, కడుపునొప్పి అని అబద్ధం చెప్పి పడుకున్నాను.

ఉయ్యాలగుడ్డను పడుగు మొదట్లోనే నేస్తారు. పురుగు నలిగింది కూడా మొదట్లోనే. నాయన నేత మొదలుపెట్టిన మూడో రోజుకు ముంజేతుల మీదా, గుడ్డకు ఆనుకునే పొట్ట మీదా ఎర్రగా దద్దుర్లు లేచాయి. అమ్మ అవ్వకు చూపించింది. అవ్వ చూసి, చెమటకాయలంది. పుష్యమాసం చలిలో పొద్దున లేస్తే పళ్లు టకటకలాడుతుంటే చెమటకాయలేమిటో ఆమెకే తెలియాలి. సున్నం రాసింది. నాయన గోక్కుంటూనే నేశాడు. మనవడి గుడ్డ నేస్తున్న ఆనందంలో దురద సంగతి పట్టించుకోలేదు. అడ్డదారం మోసే నాడె ఇటు పోతుంటే అటు పోతుంటే నేను ఆయన చేతులనే చూస్తూ కూచునేదాన్ని. రోజుకు రోజుకు ఎరుపు మోచేతుల దాకా ఎక్కింది. నూగు పోలేదు. గుడ్డలోనే ఉంది.

గుడ్డ కోసి మడిచి దేవుడి గూట్లో పెట్టారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గూడు దగ్గరికి పోయి, గుడ్డ మొదటి మడత విప్పి, ఎడమ మణికట్టు లోపలివైపు దానికేసి రుద్దాను. కొంచెంసేపు ఏమీ కాలేదు. ప్రాణం లేచివచ్చింది. ఇంకాసేపటికి మంట మొదలై, ఆవగింజలంత పొక్కులు వరసగా లేచాయి. అప్పుడే తెలిసిపోయింది. ఆ గుడ్డలో బిడ్డను వేస్తే వాడి బుగ్గ దానికి ఆనుకుంటుంది. వాడు నిద్రలో గుప్పిటతో కళ్లు నులుముకునే పిల్లవాడు. గొర్రెల ముసలాయన తెల్లకన్ను నా కళ్లముందు అక్క బిడ్డ మొహంలో కనబడింది. గాజులు కిందికి లాక్కుని పొక్కులు దాచుకున్నాను.

చెప్పాలని అమ్మ దగ్గరికి రెండుసార్లు పోయాను. మొదటిసారి ఆమె కండెలు చుడుతూ, ఆదోని వాళ్లు తనను ఏమంటారోనని అవ్వతో గుసగుసలాడుతోంది. అక్క అత్త నోరు మంచిది కాదు. కాన్పు అప్పుడు పెట్టిన చీర పలచగా ఉందని ఇప్పటికీ అంటోందట. రెండోసారి అమ్మే నన్ను చూసి, "ఏం మే, దయ్యం పట్టినట్ల తిరుగుతాండావు?" అంది. ఏం లేదన్నాను. గుడ్డ తడిపేద్దామని చెంబుతో నీళ్లు తీసుకుని గూడు దగ్గరికి పోతే అవ్వ చెంబు లాక్కుంది. "నీళ్లు తగిలితే ఇంకేం మిగుల్తాది? మళ్లా నేసేకి నీ నాయనకు పది రోజులు పడ్తాది," అని తొడపాశం పెట్టింది. ఆ తొడపాశం మంచిదే అనిపించింది. ఇంకో పది రోజులు పడితే ఎంత బాగుండేదో.

ఆదోనికి బస్సులో పోయాం. అక్క ఒళ్లో బిడ్డ, నా ఒళ్లో గుడ్డ మూట. పెళ్లికాని పిల్ల మొయ్యాలని అవ్వే నా చేతికి ఇచ్చింది. కిటికీ పక్కన కూచున్నాను. దారి పొడుగునా పత్తి దింపి ఖాళీగా వస్తున్న బండ్లు ఎదురయ్యాయి. ఒక కల్వర్టు దగ్గర బస్సు నెమ్మదించింది. కింద నీళ్లు లేవు, రాళ్లే. మూట కిటికీ మీద పెట్టి సగం బయటికి తోశాను. నాకు కక్కొస్తోందనుకుని నాయన నా భుజం పట్టి లోపలికి లాగి, నా తల ఆయన పక్కటెముకలకు ఆనించుకున్నాడు. మూట మళ్లీ నా ఒళ్లో పడింది. ఆయన చేతి దద్దుర్లు నా చెంపకు గరుకుగా తగిలాయి. ఆదోని వచ్చేదాకా నేను కళ్లు తెరవలేదు.

అక్క అత్తవారి ఇల్లు బజారు వెనక సందులో ఉండేది. ముందుగదిలో చాపలు పరిచి, దూలానికి తాళ్లు కట్టి, గుడ్డ నాలుగు మూలలకూ పసుపు పెట్టి ఉయ్యాల వేలాడదీశారు. ఆడవాళ్లతో గది నిండిపోయింది. బిడ్డ మేనత్త పేరు చెప్పడానికి సిద్ధంగా నిలబడింది. అక్క అత్త బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుంది. నేను ఉయ్యాల పక్కనే ఉన్నాను. ఏ అంచు బిడ్డ తలవైపు వచ్చిందో చూశాను. మొదటి మడత వైపు అంచే.

బిడ్డ తల గుడ్డ అంచు దాటి లోపలికి దిగుతుంటే నా నోట్లోంచి కేక వచ్చింది.

"కంబళిపురుగు! దాంట్లో కంబళిపురుగు ఉంది!"

బిడ్డ చెవిలో పడాల్సిన మొదటి పేరు అది కాదు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క అత్త బిడ్డను చేతుల్లోనే పెట్టుకుని నా వైపు తిరిగింది.

"శుభమా అని పిలగాన్ని పండుకోబెడ్తాంటే ఏం మాటే అది! యాడుంది పురుగు? సూపించు."

ఏం చూపించను? గుడ్డ తెల్లగా మెరుస్తోంది. "నలిగిపోయింది. నూగుంది," అన్నాను. ఆమె గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "నూగూ లేదు, గీగూ లేదు. పిల్ల మాట పట్టుకోని ముహూర్తం దాటబెట్టుకుంటామా?" అని మళ్లీ బిడ్డను దించబోయింది. నేను ఆమె మోచేతిని పట్టుకున్నాను. ఎవరో నన్ను వెనక్కి లాగారు.

అప్పుడు నాయనను చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. తన ముంజేతులు చూసుకుంటున్నాడు.

"అక్కా, ఒక్క నిమిషం ఆగు," అని వియ్యపురాలితో చెప్పి ముందుకు వచ్చాడు.

బిడ్డ తల ఉండే చోట ఉయ్యాలగుడ్డను రెండు చేతులా పట్టుకుని, ఎత్తి, అందులో మొహం పెట్టాడు. బుగ్గలు, నుదురు, తర్వాత కళ్లు. నిద్రలో పిల్లవాడు నులుముకున్నట్టే అటూ ఇటూ రుద్దుకున్నాడు. వద్దు నాయనా అని అరవాలనుకున్నాను. అరిచేలోపే అయిపోయింది.

ఆయన మొహం ఎత్తి నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. కాసేపు ఏమీ లేదు. అక్క అత్త మూతి తిప్పబోయింది. అంతలో ఎడమకంటి నుంచి నీళ్లు కారడం మొదలైంది. ఆయన తుడుచుకోలేదు. కన్ను ఎర్రబడి మూసుకుపోతుంటే, నిదానంగా తాళ్లు విప్పి, గుడ్డను లోపలికి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"గుడ్డ మంచిది కాదక్కా. తప్పు నాది. పిలగానికి తల్లి చీర కట్టండి," అన్నాడు.

అక్క పాత చీర కట్టారు. పేరు పెట్టారు. అక్క అత్త గొణుగుడు భోజనాలయ్యేదాకా సాగింది. ఒక్కసారి మాత్రం నాయన కంటి వైపు చూసి, బిడ్డను గట్టిగా ఎదకు హత్తుకుంది.

చేత్తో తడిమి చూస్తే సరిపోయేది కదా, మొహమెందుకు పెట్టావని అక్క ఏడ్చింది. నాయన తడిగుడ్డ కంటికి అదుముకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"మగ్గం సేతులకు ఏం తెలుస్తాదమ్మా? పదైదు రోజులు గీరుకున్యా, తెలిసిందా? పిలగాని మొగమంత మెత్తనిది నా దగ్గర ఏముంది, కండ్లు తప్ప," అన్నాడు.

మరునాటికి కన్ను నిమ్మకాయంత వాచింది. ఆదోనిలోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మ అక్క దగ్గర ఆగింది. నాయన వెంట నన్నూ బావనూ పంపారు. డాక్టరు అద్దం పెట్టి చూసి, సన్నటి పట్టకారుతో నూగు లాగాడు. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టకూడదనుకుంటూనే చూశాను. నాయన చేతులు బల్ల అంచును పట్టుకుని తెల్లబడ్డాయి. పైపైవి వచ్చాయి, కొన్ని లోపలికి దిగాయి, అవి ఇక రావు, చూపు ఎంత మిగిలితే అంత అని డాక్టరు బావతో చెప్పాడు. నేను అక్కడ లేననుకున్నాడో, పిల్లకు అర్థం కాదనుకున్నాడో. నాకు గొర్రెల ముసలాయన మాటలు వినపడుతున్నాయి. లోపలికి లోపలికి పోతానే ఉంటాది.

బావ మందు తేవడానికి పోయాడు. వరండాలో బెంచీ మీద నాయనా నేనూ మిగిలాం. ఎడమకంటికి కట్టు కట్టారు. కుడికన్ను కూడా వాచి సన్నటి గీతలా తెరుచుకుని ఉంది. ఆ కంటితో నన్ను చూడలేడు అనిపించింది. అందుకే చెప్పగలిగాను.

"నాయనా, నేను సూసినా దాన్ని."

"దేన్ని?"

"పడుగు మీద. కుంచె రాకముందే. నువ్వు నడువు అన్నప్పుడు అది ఆడనే ఉంది."

ఆయన తల నా వైపు తిరిగింది. ముందురోజు తోపులో పేరెత్తిన సంగతి, పందెం సంగతి, గాజుల కింద పొక్కుల సంగతి, చెంబు సంగతి, కిటికీ సంగతి అన్నీ చెప్పేశాను. కొడితే బాగుండునని ఎదురుచూశాను. వరండాలో పోయేవాళ్లు పోతున్నారు, వచ్చేవాళ్లు వస్తున్నారు.

నాయన అడిగాడు.

"అవ్వకు బయపడి పిలసల్యా?"

"ఊఁ."

"నన్ను పిలిసింటే ఏం సేస్తానని అనుకున్యావు?"

ఆయన ఏం చేసేవాడన్నది ఆ పదిహేను రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పురుగు గురించీ, అవ్వ గురించీ, తెల్లకన్ను గురించీ ఆలోచించాను.

"పది దారాలు తెంపి, మళ్లా ముడేస్తాంటి," అన్నాడు నాయన. "అంతే కదమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. ఎంత వెతికినా లేదు. చేయి చాచి నా తల కోసం తడిమాడు, నేను ఇంకో పక్కకు జరిగి ఉన్నందువల్ల ఆ చేయి బెంచీ మీద పడింది. నేను దగ్గరికి జరిగాను.

ఎడమకన్ను తిరిగి రాలేదు. ఒంటికంటితో నేయగలిగాడు కానీ, తెగిన దారం కొనలు రెండూ కలిపి పట్టుకోవడం ఆయనకు మళ్లీ చేతకాలేదు. దారం తెగినప్పుడల్లా మగ్గం ఆపి నన్ను పిలిచేవాడు. తొమ్మిదేళ్లు, నాకు పెళ్లయి వెళ్లిపోయేదాకా, ఆ మగ్గం మీద తెగిన ప్రతి దారాన్నీ నేనే ముడేశాను.